పొంగిన పాలకు చిటికెడు ఉప్పు

గౌలిపుర,
7 జూలై 2024

బిడ్డ భాగ్యశ్రీకి మామ మొగులయ్య దీవెనలు.

ఈ ఉత్తరం రాయకుండానే ఉందామనుకున్నాను. ఫోనుండగా కాగితం పాడుచేయడం ఎందుకని పెన్ను మూత పెట్టేసి పక్కన పడేశాను కూడా. కానీ మన ఇంటి సంగతి నీకు తెలియనిదా. రెండు గదులు, మధ్యలో ఒక పరదా, ఆ పరదా వెనక స్వీటీ చెవులు. నాకేమో గుసగుసగా మాట్లాడడం చేతకాదు. నా గొంతు తయారైందే వీధి చివరి ఇంటికి వినబడేలా ‘పాలో’ అని అరవడానికి. పైగా ఆ ఫోను మోగితే చాలు పిల్ల ఉలిక్కిపడుతోంది, అదీ ఇప్పుడు దాని జబ్బులో ఒక భాగమైపోయింది. అందుకే కాగితం. నీ కూతురికి ఇంగ్లీషు మీడియం పుణ్యమా అని తెలుగు చదవడం రాదు. వచ్చినా నా రాత చదవలేదు. నేను అక్షరాలు నేర్చుకున్నది పల్లీలు కట్టిచ్చిన పేపరు ముక్కల మీద. నూనె మరకల మధ్య ఎలా కనబడితే అలాగే దిద్దుకున్నాను, దిద్దేవాళ్లు లేరు.

అసలు సంగతికి వస్తాను. వేణుగోపాల్ డ్యూటీకి సెలవు పెట్టి, నన్నూ వెంటేసుకుని, పిల్లను డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాడు. ఆమె పేరు వాసవాంబ. చిన్నపిల్లల మనసు డాక్టరు. గది నిండా బొమ్మలే, సూది మందు లేదు. స్వీటీని వాళ్ల నాన్నతో బొమ్మల దగ్గర కూర్చోబెట్టి నాతో మాట్లాడింది.

నేను ఉన్నదున్నట్టు చెప్పాను. పాలు పొయ్యి మీద పెడితే పిల్ల వచ్చి నిలబడుతుంది. పొయ్యి మీద చిటికెడు దొడ్డుప్పు వేయాలి. ముందు పాలకే ఉండేది, తర్వాత ఛాయకు, అన్నానికి, ఆ తర్వాత గడపకు, బడి సంచికి. వేయకపోతే ఆసిఫాబాద్‌లో అమ్మకు ఏదో అయిపోతుందని ఏడుపు. ఊపిరి అందనంత ఏడుపు. వేశాక ‘అమ్మకేం గాదు గదా’ అని అడగడం. చెప్పాక మళ్లీ అడగడం.

ఆమె అంతా విని అన్నది, “దీన్ని ఓసీడీ అంటరండి. భయం వచ్చి ఉప్పు వెయ్ అంటది. పిల్ల వేస్తది, కాసేపు నిమ్మళం. మళ్ల వస్తది, ఈసారి ఇంకింత గట్టిగ అడుగుతది. అడిగినప్పుడల్లా ఇస్తే అది బలుస్తది.”

“మరి మందేంది మేడం?”

“ప్రస్తుతానికి మీరే మందు. ఉప్పు మీ చేత్తోని అందీయకుండ్రి. అమ్మకేం గాదు అని చెప్పకుండ్రి. ‘భయమైతుందని తెలుసు, నువ్వు ఓర్చుకుంటవు’ అని పక్కన కూసోండ్రి.”

అంటే ఏమీ చేయకపోవడమే వైద్యం. దానికి ఆటో ఎక్కి అంత దూరం పోవాలా అని దారంతా గొణిగాను. వేణు కోపంగా చూశాడు.

పిల్లకు ఎక్కడ అంటిందో ఈ భయం, ఎవరికి తెలుసు. నువ్వు పోయినప్పటి నుంచేనని మీ అత్తమ్మ అంటోంది. ఏదైతేనేం, ఇప్పుడు నయం. చాలా నయం. ఉప్పు ఊసే తగ్గిపోయింది. బోనాలకు సెలవు పెట్టి ఉరికి రావలసిన అవసరం లేదు. కొత్త నౌకరీ, సెలవులు ఖర్చు చేసుకోకు. ఫికర్ పడకు.

నీ మామ,
మొగులయ్య

*

ఆసిఫాబాద్,
15 జూలై 2024

మామయ్యకు నమస్కారాలు.

మీ ఉత్తరం వార్డులో అందరి చేతులూ దాటి నాకు అందింది. ఇప్పుడు ఉత్తరం రాసేవాళ్లు ఎవరమ్మా అని ఒకటే నవ్వులు. నేనూ నవ్వుతూనే విప్పాను.

‘నువ్వు పోయినప్పటి నుంచే’ అని రాశారు. అత్తమ్మ అన్నదని రాశారు గానీ, మామయ్యా, రాసింది మీ చేయి. నాకు ఆ మాట కొత్తది కాదు. రోజూ డ్యూటీలో ఎవరి పిల్లకో జ్వరం చూస్తూ ఆ మాటే అనుకుంటాను. ఇక్కడ ఎదురుగా పిల్లల వార్డు. ఎవరైనా ఏడిస్తే ముందు నా కాళ్లు లేస్తాయి, తర్వాత గుర్తొస్తుంది, అది నా పిల్ల కాదని.

స్వీటీ నయంగా ఉందని మీరు రాశాక ఆ రాత్రి కడుపు నిండా తిన్నాను. బోనాలకు అడిగిన సెలవు నాతోటి నర్సు కృష్ణమ్మకు ఇచ్చేశాను. ఆమె కూతురికి కాన్పు ఉంది. దసరాకు వస్తాను.

డాక్టరమ్మ నాతో ఫోన్లో మాట్లాడారు. ఈ ఉప్పు ఎప్పుడు, ఏ సందర్భంలో మొదలైందని అడిగారు. నేను లేను కదా, నాకెలా తెలుస్తుంది? ఇంట్లో రోజంతా పిల్ల దగ్గర ఉండేది మీరు. మీకు గుర్తుంటే రాయండి. దసరా నాటికి కూడా కుదుటపడకపోతే నేను ఈ ఉద్యోగానికి రాజీనామా చేసి వచ్చేస్తాను. ఇది కోపంతో రాయడం లేదు.

అత్తమ్మ మోకాళ్లకు నూనె రాస్తున్నారా? బర్రెలు ఎట్లున్నాయి?

భాగ్యశ్రీ

*

గౌలిపుర,
24 జూలై 2024

బిడ్డా భాగ్యశ్రీ,

రాజీనామా అన్న మాట చదివి నీ మీద కోపం వచ్చింది. ముసలివాళ్ల చేతిలో పిల్లను పెట్టి తప్పు చేశాననే కదా దాని అర్థం? ఆ నౌకరీ కోసం నువ్వు స్వీటీని ఒళ్లో పడుకోబెట్టుకుని పుస్తకాలు చదవడం నేను చూశాను. యాకుత్‌పురా స్టేషన్ దాకా నీ పెట్టె మోసింది నేను. అప్పుడు పాదం నొప్పి కూడా తెలియలేదు.

బర్రెలు బాగున్నాయి. పెద్దది వానకు కొట్టం దాటి రానంటోంది. దాని తల్లి కూడా అంతే. ఒకసారి మీరాలం మండి దగ్గర వాన పడితే రోడ్డు మధ్యలో నిలబడిపోయింది. బండ్లన్నీ ఆగాయి. ఒక సాహెబు స్కూటర్ దిగి, “బడే మియా, ఆప్ కీ బేగమ్ కో సంఝావ్,” అన్నాడు. సముదాయించడానికి నా ఇంటి బేగమే నా మాట వినదు, ఇదెక్కడ వింటుంది అన్నాను. ఆయన నవ్వి బర్రెకు గొడుగు పట్టాడు. గొడుగు కింద నడిచింది మహారాణిలాగ.

చూశావా, చెప్పవలసింది ఒకటైతే బర్రె వెనక నడుస్తున్నాను. చెబుతాను.

మన పాల ఇళ్లల్లో ఒక పద్ధతి ఉంది. నువ్వు సైదాబాద్ నుంచి వచ్చిన పిల్లవు, నీకు తెలియకపోవచ్చు. కాగే పాలు పొంగి మంట మీద పడితే బర్రె పొదుగు మండుతుందంటారు. వెంటనే పొయ్యిలో చిటికెడు ఉప్పు వేస్తే ఆ మంట పోతుంది. మా అమ్మ వేసేది, మీ అత్తమ్మ వేస్తుంది. కట్టెల పొయ్యి పోయి గ్యాసు వచ్చినా వేస్తూనే ఉన్నాం.

వేసవిలో ఒకరోజు పొద్దున నువ్వు వీడియో కాల్‌లో ఉన్నావు. ఎవరో పేషెంటుతో అంబులెన్సులో పోతున్నానని స్వీటీకి చెబుతున్నావు. సిగ్నల్ పోయి నీ బొమ్మ ఆగిపోయింది. నోరు తెరిచి, కళ్లు మూసి, అలా. సరిగ్గా అప్పుడే పొయ్యి మీద పాలు పొంగాయి. పిల్ల ఏడవబోయింది. దాన్ని మరిపిద్దామని నేను కథ ఎత్తుకున్నాను. నేను వేరే ఏం చేయగలను, కథే కదా నా చేతిలో ఉండేది. పొదుగు కథ చెప్పాను.

“అమ్మకు గూడ మండుతదా తాతా?” అన్నది.

“ఉప్పేస్తే ఎవరికేం గాదు బిడ్డా,” అన్నాను. దాని పిడికిట్లో ఉప్పు పోశాను. వేసింది. ఆ వెంటనే నీ ఫోన్ మళ్లీ వచ్చింది.

అంతే. డాక్టరమ్మకు ఏ సందర్భమో కావాలన్నావు, ఇదీ సందర్భం. అత్తమ్మ మీదకు తోసి నీకు రాసిన మాట తప్పు. నువ్వు పోయినప్పటి నుంచి కాదు, నేను నోరు తెరిచినప్పటి నుంచి.

ఇప్పుడైతే మీ అత్తమ్మ ఉప్పు డబ్బా బీరువాలో పెట్టి తాళం వేసింది. కూర వండే వేళకు తాళం చెవి వెతుక్కోవడం ఒక పని. పిల్ల బడికి పోతోంది. నిమ్మళంగా ఉండు.

మొగులయ్య

*

ఆసిఫాబాద్,
5 ఆగస్టు 2024

మామయ్యకు,

పిల్ల బడికి పోతోందని రాశారు.

మొన్న క్లాస్ టీచర్ నాకు ఫోన్ చేశారు. స్వీటీ బడికి వచ్చిన రోజుల కంటే రాని రోజులే ఎక్కువట. వచ్చిన రోజున కంపాస్ బాక్సులో దొడ్డుప్పు ఉందట. కూర్చునే ముందు బల్ల మీద వేస్తే, పక్క పిల్ల ఊదేసిందట. ఇక అక్కడ కూర్చోనని తలుపు దగ్గర నిలబడి ఏడ్చిందట. ‘మేడం, ఇంట్లో ఎవరూ చూసుకోరా?’ అని అడిగారు. నేను చూసుకుంటున్నారని చెప్పాను. మీ ఉత్తరాలు నా అలమరలోనే ఉన్నాయి కదా.

అత్తమ్మకు ఫోన్ చేశాను. “డబ్బకు తాళమేసిన బిడ్డా, తాళంచెవి నా కొంగుకే ఉంది. అయిన గూడ పిల్ల గౌను జేబుల ఉప్పు దొరుకుతాంది. ఏడికెల్లి వస్తాందో ఆ మైసమ్మకే ఎరుక,” అన్నది.

మామయ్యా, ఎక్కడి నుంచి వస్తోంది?

ఒక మాట అడుగుతాను, తప్పయితే క్షమించండి. పిల్ల నయం కాకపోతే నేను ఉద్యోగం వదిలి వస్తానని మీకు తెలుసు. నేను రావాలనే ఇలా చేస్తున్నారా? నా పెట్టె మోసిన రోజున నవ్వుతూ ఉన్నారు. ఆ నవ్వు నిజం కాదా?

రాజీనామా రాసి సంచిలో పెట్టుకున్నాను. కాన్పు చూసి తిరిగొచ్చిన కృష్ణమ్మ ఆగమంటోంది. ఎందుకు ఆగాలో నాకు తెలియడం లేదు.

భాగ్యశ్రీ

*

గౌలిపుర,
12 ఆగస్టు 2024

బిడ్డా,

నేనే.

వీధి చివర వైకుంఠం కిరాణంలో కొని, పొట్లం కట్టించి, లాగు జేబులో పెట్టుకుంటున్నాను. మీ అత్తమ్మ కొట్టంలోకి పోయినప్పుడు పిల్ల పిడికిట్లో పోస్తున్నాను. బడికి పోయే రోజు కంపాస్ బాక్సులో పెట్టింది కూడా నేనే. పోనంటే, పిల్లకు తలనొప్పి అని మీ అత్తమ్మతో చెప్పి ఇంట్లో ఉంచుకున్నదీ నేనే. నీకు నయం అని రాసిన రోజు కూడా, రాసే ముందు వేయించాను, అది నిమ్మళంగా పడుకుంటే గాని రాయలేకపోయాను.

నువ్వు రావాలని కాదు. ఒట్టు వేసుకోను, నా మాటకు ఇప్పుడు విలువేముంది. కానీ అది కాదు.

మొన్న నేనొక్కణ్నే డాక్టరమ్మ దగ్గరికి పోయి అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఆమె అడిగింది, “మొగులయ్య గారూ, ఆ ఉప్పు పిల్ల కోసమా, మీ కోసమా?”

నేను ఫ్యాను వైపు చూశాను. ఆ ఫ్యాను చాలా నెమ్మదిగా తిరుగుతుంది. పిల్ల ఏడిస్తే నేను ఒక్కచోట నిలవలేను. మొహం ఎర్రబడి, గొంతు పట్టుకుని ‘తాతా, తాతా’ అంటుంది. ఉప్పు పోయగానే దాని ఊపిరి కుదుటపడుతుంది. దాంతో నాదీ. ప్రేమ అనుకున్నాను. కాదు బిడ్డా. ఆ లొల్లి ఆగిపోవాలి, అంతే. దాని రోగానికి తిండి పెట్టి పెంచింది నా నిమ్మళం కోసం.

ఇంకొకటి కూడా చెప్పాలి. నీ ఉత్తరం చదివాక పిల్లను కూర్చోబెట్టి, “పొదుగు కథ అబద్ధం బిడ్డా, తాత ఉత్తగ చెప్పిండు,” అన్నాను. తప్పు ఒప్పుకుంటే పోతుందనుకున్నాను. “అబద్ధమా? పక్కా? అమ్మకేం గాదా? ప్రామిస్?” అన్నది. ప్రామిస్ అన్నాను. “మళ్ల చెప్పు,” అన్నది. మధ్యాహ్నమంతా అదే. ఉప్పు పోయి ప్రామిస్ వచ్చింది. నోటితో పెట్టినది నోటితో తీయడం కుదరదని అప్పుడు తెలిసింది. ఇన్నేళ్లుగా నా కథలు విని జనం నవ్వుకుంటూ పోయారు. నిలబడి నమ్మింది ఇదొక్కతే.

ఈ జబ్బు ఒకరి కథ వల్ల రాదని డాక్టరమ్మ అన్నది. “మీ కథ దొరక్కపోతే ఇంకోటి పట్టుకునేది. దానికి ఆనే చోటు కావాలె అంతే,” అన్నది. నా మీద దయతో అన్నదో, నిజమో. డబ్బాకు తాళం వేయడం కూడా తప్పేనట. గుంజుకుంటే పిల్ల ఇంకా బెదురుతుంది. చిన్న చిన్న మెట్లు వేసుకోవాలి, ఏ మెట్టు ఎప్పుడో పిల్లే చెప్పాలి. ముందు ఆ భయానికి ఒక పేరు పెట్టమన్నది. స్వీటీ ఆలోచించి ‘మేస్త్రీ’ అని పెట్టింది. ఎందుకంటే ఎదురింటి పనిలో మేస్త్రీ పొద్దస్తమానం అది తే, ఇది తే అని అరుస్తూ ఉంటాడు, తను మాత్రం ఇటుక ముట్టడు.

చివరి మెట్టు ఏమిటో తెలుసా? పాలు కావాలని పొంగించి, ఉప్పు వేయకుండా కూర్చోవాలి. పాలవాడి ఇంట్లో. మీ అత్తమ్మ విని చెంపలు వాయించుకుంది.

ఆ రాజీనామా కాగితం ఇవ్వాలో వద్దో నేను చెప్పను. చెప్పే హక్కు పోగొట్టుకున్నాను.

మొగులయ్య

*

ఆసిఫాబాద్,
22 ఆగస్టు 2024

మామయ్యా,

మీ ఉత్తరం చదివి మొదట చాలా కోపం వచ్చింది. జవాబు రాయకూడదనుకున్నాను. తర్వాత ఫోన్ తీసి చూసుకున్నాను.

స్వీటీ పొద్దున వాళ్ల నాన్న ఫోన్ నుంచి నాకు వాయిస్ మెసేజ్ పెడుతుంది. మీరిద్దరూ కొట్టంలో ఉండగా, ఈయన లేవకముందు. ‘అమ్మా, నువ్వు బాగున్నవా? బాగున్న అని చెప్పు.’ నేను బాగున్నాను బంగారం అని పంపుతాను. అది చాలదని మళ్లీ పెడుతుంది. మళ్లీ పంపుతాను. సెలైన్ ఎక్కిస్తూ పంపాను. డాక్టర్ రౌండ్స్‌లో వెనక నిలబడి పంపాను. డాక్టరమ్మ చెప్పవద్దన్నాక కూడా పంపాను. అత్తమ్మకు, ఈయనకు తెలియదు. వినేశాక తుడిచేయమని స్వీటీకి నేర్పింది కూడా నేనే.

మీరు ఉప్పు ఇచ్చారు, నేను మాట ఇచ్చాను. మిమ్మల్ని అడిగినంత గట్టిగా నన్ను నేను అడగలేదు. నేను దూరంలో ఉన్నాను కదా, అదైనా చేయనీ అనుకున్నాను.

మొన్న మెసేజ్ వచ్చినప్పుడు డాక్టరమ్మ చెప్పినట్టు అన్నాను. “స్వీటీ, నీకు భయమైతుందని అమ్మకు తెలుసు. నేను జవాబు చెప్పను. నువ్వు ఓర్చుకుంటవు.” పంపేసి దుప్పట్ల గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాను. కృష్ణమ్మ తలుపు కొట్టి, “ఏందే, పేషెంట్‌వా, నర్సువా?” అన్నది. ఫోన్ చేతిలో పట్టుకునే వార్డంతా తిరిగాను. తర్వాత స్వీటీ నుంచి ఒకటి వచ్చింది. అందులో మాటల్లేవు, ముక్కు ఎగబీల్చిన చప్పుడు ఒక్కటే ఉంది.

రాజీనామా ఇవ్వలేదు. చించలేదు కూడా.

చివరి మెట్టు రోజున నేను ఫోన్ చేయాలా, చేయకూడదా? డాక్టరమ్మను అడిగి రాయండి. ఇక నయంగా ఉంది అని మాత్రం రాయకండి. ఉన్నదే రాయండి.

భాగ్యశ్రీ

*

గౌలిపుర,
24 సెప్టెంబర్ 2024

బిడ్డా భాగ్యశ్రీ,

చివరి మెట్టు రోజున ఫోన్ చేయవద్దని డాక్టరమ్మ అన్న సంగతి, ఆ రోజు నిన్నేనన్న సంగతి వేణు నీకు చెప్పాడు. నువ్వు చేయలేదు. ఆ పొద్దు నీకెలా గడిచిందో నేను ఊహించుకోగలను, అడగను.

మధ్యలో మెట్లు చాలా ఎక్కాం, రెండు దిగాం కూడా. చల్లారిన పొయ్యి మీద చెంచాడు పాలు పోసి చూడడం ఒకటి. ఆ రోజు స్వీటీ పరదా వెనక దాక్కుని, పరదాకు కన్నం పడేలా కొరికింది. బడి సంచికి ఉప్పు లేకుండా గడప దాటడం ఒకటి. గణపతి నిమజ్జనం గోల మధ్య ఆ రెండూ వెనక్కి పోయాయి, మళ్లీ ఎక్కాం. ఇంట్లో నా జేబులు మీ అత్తమ్మ రోజూ తడుముతోంది. తడమనీ.

నిన్న సోమవారం పొద్దున స్వీటీయే వచ్చి అన్నది, “తాతా, ఇయ్యాల పొంగిద్దాం.” దాని పెదవులు తెల్లగా ఉన్నాయి.

బగోనాలో పాలు పెట్టాం. నేను, అది, పొయ్యికి ఎదురుగా పీటల మీద. వేణు గుమ్మంలో. మీ అత్తమ్మ, “నేను సూడ, నా కండ్లతోని సూడ,” అని గల్లీలోకి పోయి, కిటికీ లోంచి చూసింది. పాలు అంచు దాకా లేచాయి. నా ఒళ్లంతా లేచి మంట తగ్గించమంది. పుట్టినప్పటి నుంచి కాగే పాల ముందు అలా చేతులు కట్టుకుని కూర్చున్నది లేదు. పొంగాయి. మంట మీద పడి చుయ్‌మన్నాయి, మాడు వాసన, పొయ్యి ఆరిపోయింది. వేణు వచ్చి గ్యాసు కట్టేశాడు.

స్వీటీ అరిచిన అరుపుకు ఎదురింటి పని ఆగింది.

“తాతా, మేస్త్రీ మస్తు లొల్లి చేస్తుండు.”

“చెయ్యనీ.”

“అమ్మకు ఏమన్న అయితదేమో తాతా.”

నా నోట్లో ‘ఏం గాదు’ అని పుట్టింది. పళ్ల దాకా వచ్చింది. నిజం రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను, నా చేయి కూడా దానంతటదే జేబులోకి పోయింది. జేబు ఖాళీ. అయినా పోయింది. తీసి తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చున్నాను.

“తెల్వదు బిడ్డా. భయమైతుందా?”

“అయితుంది.”

“నాకు గూడ అయితుంది. ఇద్దరం కూసుందాం.”

అది నా ముంజేతిని గిల్లింది. రక్కింది. ‘నువ్వు మంచోనివి గాదు’ అన్నది. ‘నీతోని మాట్లాడ’ అన్నది. నేను ఊ అన్నాను. ఆ మాటలు నేను పడవలసినవే, కాకపోతే అవి దాని నోట్లోంచి వేరే కారణానికి వస్తున్నాయి. ఎంతసేపో నేను చూసుకోలేదు. ఏడుపు వెక్కిళ్లయింది, వెక్కిళ్లు ఆవులింతలయ్యాయి. నా మీద ఒరిగింది. ‘మేస్త్రీ ఏమంటుండు’ అని అడిగాను. “ఇంక అరుస్తుండు గని, జెర దూరంకెల్లి,” అన్నది.

ఉన్నదే రాస్తాను. సాయంత్రం మళ్లీ అడిగింది. రాత్రి పాలకు మళ్లీ పొయ్యి చుట్టూ తిరిగింది. చాలాసార్లు ఇలా పొంగించాల్సి ఉంటుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. తగ్గడమంటే ఇలాగేనట. కాబట్టి నయం అని రాయను. నా ముంజేతి మీద గీతలు ఉన్నాయి. మీ అత్తమ్మ పసుపు పెడతానంటే వద్దన్నాను.

నీ సంచిలోని కాగితం గురించి ఇప్పుడు కూడా ఏమీ చెప్పను. దసరాకు వచ్చినప్పుడు నీ కళ్లతో నువ్వే చూడు.

నిన్న పొద్దున వెక్కిళ్లు ఆగాక స్వీటీ మొహం కడుక్కుంది. బడి బస్సు అప్పటికే పోయింది. వేణు డ్యూటీకి వెళ్లిపోయాడు. నేనే నడిపించుకుపోయాను. గేటు వేసేశారు. వాచ్‌మన్, “ఇప్పుడా వచ్చేది?” అని గొణిగి చిన్న తలుపు తీశాడు. స్వీటీ ఉప్పు అడగకుండానే సంచి సర్దుకుని లోపలికి పోయింది. అతను తలుపు వేశాడు.

మొగులయ్య